విన్నపమా, శాసనమా? ఆస్ట్రేలియా మూలవాసుల 'వాయిస్' వివాదంపై ఒక పరిశీలన

2023 అక్టోబరు 14వ తేదీన ఆస్ట్రేలియా ప్రజలు తమ రాజ్యాంగానికి ప్రతిపాదించబడిన ఒక సవరణను తిరస్కరించారు. నూటికి 60 మంది 'వద్దు' అన్నారు. 'సరే' అన్నవారు 40 మందికి కొద్దిగా తక్కువ. ఆ దేశ రాజ్యాంగం 128వ అధికరణం ప్రకారం సవరణ నెగ్గాలంటే దేశం మొత్తం మీద ఆధిక్యత రావటమే గాక, ఆరు రాష్ట్రాలలో కనీసం నాలుగింట ఆధిక్యత రావాలి. ఆరింటిలో ఒక్కటైనా అనుకూలించలేదు. రాజధాని కాన్‌బెర్రా ఉన్న ప్రాంతం మాత్రమే ఒప్పుకున్నది. అంతకు ముందు 1901 నుండి ప్రజల ముందుకు వచ్చిన 44 సవరణలలో నెగ్గినవి ఎనిమిది మాత్రమే కాబట్టి, ఓటమి అనేది ఆ దేశంలో వింత ఏమీ కాదు. 1977 తరువాత అక్కడ ఏ సవరణా నెగ్గలేదు.

వింత మరొకచోట కలదు. ఓటింగుకు ముందు ఏడాదిన్నర కాలం జరిగిన వాదోపవాదాలను వరుసగా చదివినవారికి ఒక సంగతి తప్పక తోస్తుంది. ప్రజల ముందు పెట్టబడినది ఒకటి. ప్రజలు తిరస్కరించినది మరొకటి. అడగబడినది విన్నపం చేసుకునే హక్కు. అది శాసనం చేసే అధికారంగా చదవబడింది. ఆ పొరపాటు పఠనంలో ప్రతిపక్షుల పాత్ర పెద్దది; అయితే ప్రతిపాదకులకు ఏ పాత్రా లేదనటం న్యాయం కాదు.

మొదట మూలపాఠాన్నే చూడవలసి ఉంటుంది. ప్రతిపాదిత 129వ అధికరణం చాలా చిన్నది. ఆదివాసులను, టారెస్ జలసంధి ద్వీపవాసులను ఆస్ట్రేలియా ప్రథమ ప్రజలుగా గుర్తిస్తూ వారికి 'వాయిస్' అనే ఒక సంస్థ ఉండాలని మొదటి ఖండం చెబుతుంది. వారికి సంబంధించిన విషయాలపై ఆ సంస్థ పార్లమెంటుకు, కేంద్ర కార్యనిర్వాహక ప్రభుత్వానికి నివేదించుకోవచ్చునని రెండవది. ఆ సంస్థ కూర్పు, విధులు, అధికారాలు, పద్ధతులు నిర్ణయిస్తూ చట్టాలు చేసే అధికారం పార్లమెంటుదేనని మూడవది. అంతే. రెండవ ఖండంలోని ఇంగ్లీషు క్రియను ఉర్దూలోకి తేవలసి వస్తే 'అర్జ్ కర్నా' అనాలి, తెలుగులో 'విన్నవించుకొనుట'. దానిని 'హుకుం' అని గాని, 'ఫైసలా' అని గాని అనువదించిన వాణ్ణి ఏ ఉస్తాదూ తరగతిలో ఉండనివ్వడు. విన్నపాన్ని స్వీకరించాలన్న నియమం లేదు సరికదా, దానికి జవాబివ్వాలన్న నియమం కూడా ఆ పాఠంలో లేదు. కేంద్ర ప్రభుత్వ సొలిసిటర్ జనరల్ స్టీఫెన్ డొనహ్యూ ఈ సవరణ ప్రాతినిధ్య ప్రభుత్వ పద్ధతికి అనుగుణమైనదే గాక దానిని మెరుగుపరుస్తుందని 2023లో లిఖిత అభిప్రాయం ఇచ్చారు.

ఇక సంస్థకు పెట్టిన పేరు. 'వాయిస్' అన్న మాటకు తెలుగులో గొంతు, స్వరం, వాణి అన్నీ చెప్పవచ్చు. అరబీలో 'సౌత్', ఉర్దూలో 'ఆవాజ్'. ఇవన్నీ లోపలి విషయానికి మించిన మాటలు. పాఠంలో ఉన్నది అర్జీ. గుమ్మం మీద వ్రాసినది ఆవాజ్. అనుకూలురు ఆ పేరులోని గంభీరతను ప్రేమించారు. ప్రతికూలురు అదే గంభీరతను చూపి భయపెట్టారు. పైగా అది ఏకవచనం. తెల్లవారు రాకమునుపు 250కి పైగా భాషలు మాట్లాడిన జనసమూహాలకు ఒకే గొంతు ఏమిటన్న ప్రశ్న మూలవాసుల నుండే వచ్చినది. దానికి తృప్తికరమైన సమాధానం చివరి దాకా రాలేదు.

ఈ అర్జీకి పూర్వచరిత్ర కలదు. అది తెలియక ఈ వివాదం అర్థం కాదు. యోర్టా యోర్టా జాతికి చెందిన విలియం కూపర్ అనే పెద్దాయన 1933లో ఒక అర్జీపై సంతకాల సేకరణ ప్రారంభించారు. పార్లమెంటులో తమవారికి ఒక ప్రతినిధి కావాలని, తమ జాతి అంతరించిపోకుండా కాపాడాలని చక్రవర్తి ఐదవ జార్జిని ఉద్దేశించి వ్రాసిన ఆ అర్జీపై 1,814 సంతకాలు పడ్డాయి. 1938లో ఆస్ట్రేలియా మంత్రివర్గం దానిని చక్రవర్తికి పంపనక్కరలేదని నిర్ణయించింది. 1963లో ఉత్తర తీరాన యిర్కాలా గ్రామపు యోల్ఙు ప్రజలు తమ భూమిలో బాక్సైటు గని తవ్వకాన్ని గూర్చి చెట్టు బెరడుపై తమ భాషలోనూ ఇంగ్లీషులోనూ వ్రాసి పార్లమెంటుకు పంపారు. ఆ బెరడు పత్రాలు నేటికీ పార్లమెంటు భవనంలో ఆదరంగా ప్రదర్శింపబడుచున్నవి. గని మాత్రం ఆగలేదు. 1988లో బరుంగాలో ప్రధాని బాబ్ హాక్ తనకు అందజేసిన ప్రకటనను స్వీకరించి ఒడంబడిక చేసుకుందామని మాట ఇచ్చారు, ఒడంబడిక జరుగలేదు.

సంస్థల సంగతీ అంతే. 1973లో మూలవాసుల సలహా సంఘం ఒకటి ఏర్పడింది. దాని స్థానంలో 1977లో మరొకటి వచ్చి 1985లో పోయినది. 1990లో ఎన్నికైన సభ్యులతో ఏర్పడిన పెద్ద కమిషన్ 2005లో రద్దయినది. ఒక ప్రభుత్వం ఇచ్చినది మరొక ప్రభుత్వం తీసివేసినది. రాజ్యాంగంలో వ్రాయమని అడగటానికి కారణం ఇదే. 'వద్దు' పక్షం వారి అధికారిక వ్యాసం ఈ సవరణపై చేసిన ప్రధాన ఆరోపణలలో ఒకటి ఇది శాశ్వతమైనదని. ఆ వ్యాసంలో పూర్తిగా నిజమైన మాట బహుశా అదొక్కటే. అడిగినవారు అడిగినదీ అదే.

ఆ అర్జీల పరంపరలో చివరిది ఉలురు ప్రకటన. దేశంలోని పన్నెండు చోట్ల చర్చాసభలు జరిగిన తరువాత సుమారు 250 మంది ప్రతినిధులు మధ్య ఆస్ట్రేలియాలోని ఉలురు శిల వద్ద సమావేశమై 2017 మే 26న దానిని ఆమోదించారు. న్యాయశాస్త్రాచార్యురాలు మేగన్ డేవిస్ దానిని మొదట చదివి వినిపించారు. ఒక్క పేజీ రచన. రాజకీయ పత్రాలలో సాధారణంగా కనిపించే శుష్కత్వం ఇందులో లేదు. భూమితో తమ పూర్వీకుల బంధం, చెరసాలలలో మగ్గుతున్న తమ యువకులు, ఇళ్ళనుండి తీసుకుపోబడిన బిడ్డలు, తమ చేతిలో ఏమీ లేదన్న యాతన: ఇవన్నీ కొద్ది వాక్యాలలో ఇమిడి ఉన్నవి. గమనించదగినది ఏమంటే, ఈ పత్రం పార్లమెంటును గాని, రాణిని గాని సంబోధించలేదు. తోటి ప్రజలను సంబోధించింది. పాలకుల గుమ్మం వద్ద ఎనభై ఏళ్ళు నిలబడిన పిమ్మట వారు పొరుగువారి తలుపు తట్టారు. పొరుగువారు ఇచ్చిన జవాబు 2023లో తెలిసింది.

ఆ ప్రకటనలో యోల్ఙు భాషా పదం ఒకటి కలదు: 'మకర్రాటా'. పత్రికలు దీనిని 'ఒడంబడిక' అని సులభంగా మార్చివేశాయి. అసలు అర్థం అంత సులభం కాదు. తగాదా తీరటానికి తప్పు చేసినవాడు బాధితుల ఎదుట నిలబడటం, తొడపై ఈటె పోటును భరించటం, ఆపై సమాధానపడటం: ఈ మొత్తం ఆచారం పేరు అది. మన ఫిఖ్హ్‌లోని 'సుల్హ్' దీనికి దగ్గరగా వస్తుంది గాని, గాయాన్ని గుర్తుంచుకునే అంశం 'సుల్హ్'లో లేదు. దానిని అనువదించక అట్లే ఉంచటమే ఉచితం. ఇదే యోల్ఙు భాషలో డబ్బుకు 'రుపియా' అన్న మాట ఉన్నదని తెలిస్తే తెలుగు పాఠకుడు ఆశ్చర్యపడవచ్చు. మకస్సార్ రేవు నుండి సముద్రపు దోసకాయల వేటకై ఏటేటా వచ్చి వెళ్ళిన ముస్లిం నావికులు విడిచిపోయిన మాట అది. వారు తీరంలో విడిది చేశారు, సరుకు మార్చుకున్నారు, గాలి తిరగగానే వెళ్ళిపోయారు. 1907 నాటికి ఆస్ట్రేలియా అధికారులు ఆ రాకపోకలను ఆపివేశారు.

ఉలురు ప్రకటన వెలువడిన అయిదు నెలలకే ప్రధాని మాల్కం టర్న్‌బుల్ దానిని తోసిపుచ్చారు. అట్టి సంస్థ పార్లమెంటుకు మూడవ సభగా పరిగణింపబడుతుందని ఆయన ప్రభుత్వం చెప్పిన కారణం. వివాదమంతటికీ విత్తనం ఈ ఒక్క మాటలో కలదు. చట్టం చేయలేని, చట్టాన్ని ఆపలేని, బడ్జెట్‌పై ఓటు లేని ఒక సంస్థ 'సభ' ఎట్లా అవుతుంది? అయినా ఆ ఉపమానం నిలిచిపోయింది. 2022 మే 21న ఎన్నికలలో గెలిచిన రాత్రి ఆంథొనీ ఆల్బనీజీ ఉలురు ప్రకటనను పూర్తిగా అమలు జరుపుతామని వాగ్దానం చేసేనాటికి సగం మంది చెవులలో 'మూడవ సభ' అన్న మాటే ఉన్నది. నేషనల్ పార్టీ 2022 నవంబరులోను, పీటర్ డటన్ నాయకత్వంలోని లిబరల్ పార్టీ 2023 ఏప్రిల్‌లోను వ్యతిరేకత ప్రకటించాయి. ఉభయ పక్షాల మద్దతు లేని సవరణ ఆ దేశంలో ఎన్నడూ నెగ్గలేదు.

ప్రతి ఓటరు ఇంటికి ఉభయ పక్షాల వ్యాసాలతో ఒక కరపత్రం పంపటం అక్కడి చట్టం. ఒక్కొక్కటి రెండు వేల పదాలకు మించరాదు. ఎన్నికల కమిషన్ వాటిని వచ్చినవి వచ్చినట్లే ముద్రించింది. నిజానిజాలను సరిచూడటం దాని విధి కాదు. 'వద్దు' వ్యాసం న్యాయపరమైన ప్రమాదం, తెలియని ఫలితాలు, విభజన, శాశ్వతత్వం అనే నాలుగు ఆక్షేపణలపై నిలబడినది. ప్రచారంలో అది ఇంకా సంక్షిప్తమై, తెలియకుంటే 'వద్దు' అని వేయండి అనే నినాదంగా మారినది. ఆ దేశపు రాజకీయాలలో ఇంత విజయవంతమైన నినాదం, ఇంత హీనమైన నినాదం అరుదుగా వచ్చి ఉంటుంది. తెలియకపోవటాన్ని అది ఒక వాదంగా మార్చినది. తెలియనివారు తెలిసినవారిని అడగవలెనని దివ్య ఖుర్ఆన్ 'అన్-నహ్ల్' సూరా 43వ ఆయత్ బోధిస్తున్నది. వచ్చిన వార్తను విచారించక ఒక జనానికి హాని చేయవద్దని 'అల్-హుజురాత్' 6వ ఆయత్ హెచ్చరిస్తున్నది. ఈ రెండు ఆదేశాలకు సరిగ్గా ఎదురుగా ఆ నినాదం నిలుస్తుంది. తెలియనివాడు అడిగినట్లయితే తెలుసుకునేవాడు. అడగనక్కరలేదని అతనికి చెప్పబడింది.

అయితే అడిగినవారికి జవాబు దొరికినదా? ఇక్కడ ప్రభుత్వ పక్షాన్ని కూడా ప్రశ్నించక తప్పదు. మార్సియా లాంగ్టన్, టామ్ కాల్మాల ఆధ్వర్యంలో 2021లోనే రెండు వందల పేజీలకు మించిన ఒక నివేదిక తయారయినది. సభ్యులు ఎందరు, ఎట్లా ఎన్నికవుతారు, స్థానిక సంఘాలు ఏమిటి అన్నవి అందులో చర్చించబడినవి. ప్రభుత్వం ఆ నివేదికను తనదిగా స్వీకరించలేదు, కాదనలేదు. వివరాలు తరువాత పార్లమెంటు చూసుకుంటుందని చెప్పింది. రాజ్యాంగ శాస్త్రం ప్రకారం ఇది సరైన సమాధానమే. రాజ్యాంగంలో సూత్రం, చట్టంలో వివరం. కాని రోడ్డు మీద నిలబడి అడిగిన మనిషికి అది సమాధానం కాదు. ఇంతకన్న పెద్ద లోపం ఒకటి. 'సరే' పక్షం ఒకే నోటితో రెండు మాటలు చెప్పింది. ఇది చరిత్రను మార్చే మహత్తర అవకాశమని ఉదయం. ఇది కేవలం సలహా సంఘం, ఎవరికీ భయం అక్కరలేదని సాయంత్రం. మొదటి మాట నమ్మినవారు భయపడ్డారు. రెండవది నమ్మినవారు ఇంత మాత్రానికి రాజ్యాంగం ఎందుకన్నారు.

సలహాకు విలువ ఏమిటి అన్న ప్రశ్న మదర్సాలలో చదివినవారికి కొత్తది కాదు. శూరా 'ముల్జిమా'? అనగా దాని నిర్ణయానికి అమీరు కట్టుబడాలా? లేక 'ముఅ్‌లిమా'? అనగా అది తెలియజేసేది మాత్రమేనా? ఆధునిక ఉలమా దీనిపై రెండు పక్షాలుగా చీలి ఎన్నో గ్రంథాలు వ్రాశారు. ఆస్ట్రేలియా ప్రతిపాదన నిస్సందేహంగా రెండవ కోవకు చెందినది. ఈ చర్చలో ఉలమాలో చాలామంది నొక్కి చెప్పిన విషయం ఒకటి కలదు: సలహా బంధనకరం కాకపోయినా, సలహా అడగటం ఐచ్ఛికం కాబోదు. ఉహుద్ సంఘటనే దీనికి నిదర్శనం. మదీనాలోనే ఉండి ఎదుర్కోవటం దైవప్రవక్త (స) అభిమతం. బయటికి వెళ్ళి పోరాడాలని సహచరులలో చాలామంది, ముఖ్యంగా యువకులు, పట్టుబట్టారు. ఆయన వారి మాట మన్నించారు. సుమారు 70 మంది షహీదులయ్యారు. అటు పిమ్మట అవతరించిన 'ఆలె ఇమ్రాన్' 159వ ఆయత్‌లో వారిని క్షమించమని, వారితో సంప్రదించమని ఆదేశం వచ్చినది. సంప్రదింపు చేటు తెచ్చినది కాబట్టి ఇక మానుకొమ్మని రాలేదు.

1990 నాటి కమిషన్ విఫలమయినది కాబట్టి మరొక సంస్థ ఎందుకన్న వాదం ఆ దేశంలో పదేపదే వినిపించినది. ఆ కమిషన్‌లో లోపాలు లేకపోలేదు; దాని నాయకత్వంపై తీవ్ర ఆరోపణలు వచ్చినవి. కాని పార్లమెంటు విఫలమయినప్పుడు పార్లమెంటును రద్దు చేసి ప్రజలు ఇళ్ళకు పోవాలని ఎవరూ అనరు. మరల ఎన్నికలు జరుపుతారు. ఒక జనం చేసిన పొరపాటుకు వారి నోరే మూయించటం, మరొక జనం చేసిన పొరపాటుకు మరొక అవకాశం ఇవ్వటం: ఈ తేడాను 'వద్దు' పక్షం ఎక్కడా వివరించలేదు.

వినటం అన్నది ఆదరణ మాత్రమే కాదు, హక్కు కూడా. 'అల్-ముజాదలా' సూరా ఒక సామాన్య స్త్రీ మొరతో ఆరంభమవుతుంది. హజ్రత్ ఖౌలా బిన్తె సఅలబా (రజి) తన భర్త చేసిన జిహార్ గూర్చి దైవప్రవక్త (స) ముందు వాదించారు. ఆమెకు ఏ అధికారమూ లేదు. మొర మాత్రమే ఉన్నది. అది విన్నానని అల్లాహ్ తెలియజేశాడు, ఆచారం మారిపోయినది. తరువాతి కాలంలో ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) దారిలో ఆమె ఆపితే నిలబడి చివరి దాకా విన్నారని రివాయతు కలదు. మొర వినిపించుకునే చోటు ఉండటం అధికారం కంటే చిన్నది కావచ్చు గాని, ఏమీ కానిది మాత్రం కాదు.

'విభజన' అన్న ఆక్షేపణ ముస్లిం పాఠకుణ్ణి కొంచెం ఆలోచింపజేస్తుంది. అరబ్బుకు అరబ్బేతరునిపై ఆధిక్యత లేదని హజ్జతుల్ విదా ప్రసంగంలో విన్న సముదాయం మనది. జాతి పేరిట ఒక సంస్థ ఎందుకన్న ప్రశ్న మనకు సహజంగానే నచ్చుతుంది. అయితే ఆస్ట్రేలియా రాజ్యాంగంలో జాతి అన్న మాట కొత్తగా ప్రవేశపెట్టబడలేదు. 51వ అధికరణం 26వ ఖండం ఏ జాతి ప్రజల కోసమైనా ప్రత్యేక చట్టాలు చేసే అధికారాన్ని పార్లమెంటుకు 1901 నుండే ఇస్తున్నది. ఆదివాసులను అందులోనుండి మినహాయించిన మాటలను 1967లో ప్రజలు నూటికి 90 మందికి పైగా ఓటు వేసి తీసివేశారు. అనగా ఆనాటినుండి వారిపై ప్రత్యేక చట్టం చేయవచ్చును. 2007లో ఉత్తర ప్రాంతంలో ప్రభుత్వం ప్రత్యేక చర్యలు చేపట్టినప్పుడు జాతి వివక్షా నిషేధ చట్టాన్నే అక్కడికి వర్తించకుండా నిలిపివేశారు. జాతిని బట్టి చట్టం చేయవచ్చునట, ఆ చట్టం ఎవరిపైన వచ్చిపడుతుందో వారు నోరు విప్పటం మాత్రం విభజన అవుతుందట!

మదీనా ఒప్పందపత్రం ఇక్కడ గుర్తుకు రాక మానదు. హైదరాబాదులో పుట్టి ఉస్మానియాలో బోధించిన డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లాహ్ దీనిని ప్రపంచంలోని మొదటి లిఖిత రాజ్యాంగంగా నిరూపించటానికి ఎంతో శ్రమించారు. ఆ పత్రంలో ఖురైష్ ముహాజిర్లు, బనూ ఔఫ్, బనూ సాఇదా, బనూ నజ్జార్ మొదలైనవారంతా పేరు పేరునా ప్రస్తావించబడ్డారు. యూదు తెగల పేర్లూ ఉన్నవి. రక్తపరిహారం విషయంలో ఎవరి పద్ధతి వారిదని అంగీకరించబడినది. ఆ పత్రమే వారందరినీ ఒక్క ఉమ్మత్ అన్నది. పేరు పెట్టి పిలవటం వల్ల ఆ నగరం చీలలేదు. భారత రాజ్యాంగపు ఐదవ షెడ్యూలులోనూ గిరిజన సలహా మండలి కలదు. మన దేశం దానివల్ల ముక్కలు కాలేదు. అయితే ఆ మండలి గవర్నరు పంపిన విషయాలపైనే సలహా చెప్పగలదు. ఏజెన్సీ ప్రాంతాల చరిత్ర ఎరిగినవారికి రాజ్యాంగంలో పేరు ఉన్నంత మాత్రాన మాట చెల్లుతుందన్న భ్రమ ఉండదు. 'సరే' పక్షపు అతిశయోక్తులకు ఇది విరుగుడు.

మూలవాసులలోనే వ్యతిరేకులు ఉన్నారన్నది నిజం; వారిని ఒకే గాటన కట్టటం తప్పు. సెనెటర్ జసింటా నంపిజింపా ప్రైస్ అందరికీ ఒకే న్యాయం చాలునన్నారు. సెనెటర్ లిడియా థోర్ప్ విన్నపం ఏమిటి, ముందు ఒడంబడిక కావాలన్నారు. ఒకరికి అది మరీ ఎక్కువ, మరొకరికి మరీ తక్కువ. లెక్కింపులో రెండూ ఒకే పెట్టెలో పడ్డాయి. ఉత్తర ప్రాంతంలోని వడేయి, టివీ దీవులు వంటి మూలవాసుల మారుమూల పల్లెలలో అత్యధికులు 'సరే' అన్నారు. ఆ పల్లెలున్న లింగియారీ నియోజకవర్గం మొత్తంగా 'వద్దు' అన్నది. జనాభాలో నూటికి నలుగురైనా లేని ప్రజల గూర్చి మిగిలినవారు ఇచ్చిన తీర్పు ఇది.

అక్కడి ముస్లిముల సంగతి చెప్పకుండా ఈ పరిశీలన ముగియదు. 2022 మే నెలలో ఆస్ట్రేలియా జాతీయ ఇమాముల మండలి ఇతర మతాల ప్రధాన సంస్థలతో కలిసి ఉలురు ప్రకటనను సమర్థిస్తూ ఉమ్మడి తీర్మానం చేసింది. మంచి పని. ఏడాదిన్నర తరువాత సిడ్నీ పశ్చిమాన ముస్లిములు గణనీయంగా నివసించే బ్లాక్స్‌లాండ్, వాట్సన్ నియోజకవర్గాలలో 'వద్దు' గెలిచినది. ఎవరు ఎట్లా ఓటు వేశారన్నది రహస్యం. ఏ ఒక్క సముదాయాన్నీ వేలెత్తి చూపలేము. కాని తీర్మానం చేసినంత తేలికగా దానిని ఇంటింటికీ వివరించటం జరుగదని ఆ ఫలితం తెలుపుతున్నది. ఆ దేశంలో ఇంట తెలుగు మాట్లాడేవారే 2021 జనగణన నాటికి 59 వేలకు చేరారు. పౌరసత్వం పొందిన ప్రతివారికీ అక్కడ ఓటు వేయటం చట్టరీత్యా విధి. ఇక్కడ రిజర్వేషన్ల గూర్చి, ప్రాతినిధ్యం గూర్చి గంటల తరబడి వాదించగల మనవారు అక్కడి మొదటి ప్రజల అర్జీని చదివారా అన్నది వారు తమను తాము అడగవలసిన ప్రశ్న.

కొత్తగా వచ్చినవారికి ఆ నేలతో బంధం లేదనుకోవటమూ పొరపాటే. 1860లో బర్క్, విల్స్ యాత్రతో మొదలుకొని అప్పటి బ్రిటిషు ఇండియా నుండి, అఫ్గానిస్తాన్ నుండి వేలమంది ముస్లిం ఒంటె నడిపేవారు ఆ ఎడారికి వెళ్ళారు. అందరినీ 'అఫ్గాన్లు' అనే పిలిచారు. 1880ల చివర అడిలైడ్‌లో మసీదు కట్టించినది వారే. పలువురు ఆదివాసి స్త్రీలను వివాహమాడారు. నేటికీ కొన్ని మూలవాసి కుటుంబాలలో ముస్లిం పేర్లు మిగిలి ఉన్నవి. దక్షిణ ఆస్ట్రేలియాలోని మర్రీ అనే ఊరిలో రైలు పట్టాలకు ఒకవైపు తెల్లవారి ఇళ్ళు. రెండవ వైపున ఒంటె నడిపేవారి గుడిసెలు, వారి చిన్న మసీదు, ఆదివాసుల నివాసాలు ఉండేవి.

దేశం వద్దన్న దానిని ఆ రాష్ట్రం తన హద్దులలో చేసి చూసింది. 2023 మార్చిలో చేసిన చట్టం ప్రకారం 2024 మార్చిలో రాష్ట్రస్థాయి 'వాయిస్'కు మూలవాసుల ఎన్నికలు జరిగినవి. అర్హులలో పదింట ఒక వంతు మందైనా ఓటు వేయలేదు. ఎన్నికైనవారు మాత్రం విన్నపాలు తీసుకొని పార్లమెంటుకు వెళ్ళారు.